నీళ్లు లేని నెలల్లో ఈతగాడి సైకిలు: గదిలోదా, రోడ్డు మీదదా?

ఈతగాడికి నీళ్లే సాధన. ఆ నీళ్లు ఏడాది పొడుగునా దొరకని చోట అతను ఏం చేయాలి? నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈత మీద మనసు పెట్టిన పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న ఏదో ఒక నెలలో రాక తప్పదు. దానికి ఇప్పుడు ఎక్కువగా వినిపించే జవాబు సైకిలు. జిమ్ములో పాటలు పెట్టి, ట్రైనర్ ఎదురుగా కూర్చుని తొక్కించే స్పిన్ క్లాసు ఒకటి. తెల్లవారుజామున రోడ్డెక్కి తొక్కే మామూలు సైకిలు ఇంకొకటి. ఈతకు ఏది దన్నుగా నిలుస్తుందన్న ఒక్క కోణం నుంచే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. బరువు తగ్గడానికో, షుగరు అదుపులో ఉండడానికో ఏది మంచిదన్నది వేరే లెక్క; దాని జోలికి ఇక్కడ పోను.

ముందు మన నీళ్ల సంగతి. నంద్యాలకు నీళ్లు లేవని ఎవరూ అనలేరు. ఊరిని ఆనుకుని కుందూ, పొలాలకు కె.సి. కాలువ, పదిహేను కిలోమీటర్ల దూరంలో మహానంది ఊట. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కె.సి. కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు ఉంది, వెలుగోడు నుంచి దిగివచ్చే తెలుగుగంగ కాలువ ఉంది. పాతతరం ఈత అంతా ఈ నీళ్లలోనూ పొలాల్లోని దిగుడు బావుల్లోనూ పుట్టిందే. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో మునగ బెండో కట్టి పిల్లవాణ్ణి బావిలోకి దింపితే, వారం తిరిగేసరికి బుర్ర విప్పేసి మెట్ల మీద నుంచి దుంకేవాడు.

ఆ బావులు బోర్లు వచ్చాక ఎండాయి, కొన్ని పూడిపోయాయి. వాగులు వేసవికి ఒట్టిపోతాయి. కాలువ నిండుగా పారే రోజుల్లో ప్రవాహం వేగం గట్టు మీద నుంచి అంచనాకు రాదు. సిమెంటు వాలు మీద పాచి పట్టి, దిగినవాడు ఎక్కలేక ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నాం. కాలువ ఈత నేర్పిందేమో గానీ, గడియారం పెట్టి చేసే సాధనకు అది చోటు కాదు. మహానంది కోనేరు ఎంత తేటగా ఉన్నా అది స్నానానికి, భక్తికి. ఇక మిగిలింది స్విమ్మింగ్ పూల్. మన చిన్న పట్టణాల్లో అదీ వేసవి సెలవుల వ్యవహారమే. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో కిటకిటలాడి, జూన్‌లో బడి గంట కొట్టగానే ఖాళీ అవుతుంది. అంటే కాలువ ఈతగాడికి వేసవిలో నీళ్లుండవు, పూల్ ఈతగాడికి వేసవి తప్ప మిగతా ఏడాదంతా ఉండవు. సైకిలు గురించి మాట్లాడుతున్నది ఈ ఖాళీ గురించి.

నీళ్లు తప్పిపోతే ఈతగాడి ఒంట్లో ఏం జరుగుతుందో పరిశోధకులు చూశారు. అమెరికాలో డేవిడ్ కాస్టిల్ బృందం 1987లో ప్రచురించిన అధ్యయనంలో కాలేజీ ఈతగాళ్ల సాధనను నాలుగు వారాలపాటు తగ్గించారు, కొందరికి పూర్తిగా మాన్పించారు. నేల మీద యంత్రంతో కొలిస్తే భుజబలం తగ్గలేదు. నీళ్లలో లాగే శక్తి మాత్రం పడిపోయింది. ఆ బలాన్ని నీటి మీద పెట్టే నేర్పే ముందుగా జారిపోతుందన్నమాట. 2020లో మన దేశం మొత్తానికీ ఇది అనుభవంలోకి వచ్చింది. కోవిడ్ వల్ల మార్చిలో మూతపడ్డ పూల్స్‌ను క్రీడాకారుల కోసం తెరవడానికి అక్టోబరు 15 దాకా అనుమతి రాలేదు. ఒలింపిక్ ఈతగాడు వీర్‌ధవల్ ఖాడే ఇక రిటైర్ కావలసి వస్తుందేమోనని ఆ జూన్‌లో బహిరంగంగానే వాపోయాడు. దేహదారుఢ్యం కాపాడుకోవడానికి నేల మీద చేయగలిగిన కసరత్తులన్నీ అలాంటివాళ్లకు తెలుసు. అయినా ఆ బాధ తగ్గలేదంటే నీటికి బదులు దొరకదన్నమాట.

అంతకుముందు, 1975లో, మేజల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఇంకో ప్రశ్న వేశారు. పది వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకో గంట ఈత సాధన చేసినవాళ్ల ఒళ్లు ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ సామర్థ్యం ఎంత పెరిగింది? ఈదుతుండగా కొలిస్తే 11 శాతం దాకా పెరిగింది. అదే మనుషులను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి కొలిస్తే పెరుగుదల లేనట్టే. ఏ కండరాలకు నేర్పితే ఆ కండరాలకే చదువు వస్తోంది. ఈ ఫలితాన్ని తిరగేసి చూస్తే సైకిలు గురించి మన ఆశకు ఒక హద్దు గీసుకోవాల్సి వస్తుంది. తొడలకు పెట్టిన సాధనలో గుండె వాటా ఈతకు కొంత అందుతుంది, కండరం వాటా అందదు. క్రాల్ ఈతలో మనిషిని ముందుకు తోసే బలంలో పెద్ద భాగం చేతులదే. సైకిలు మీద ఆ చేతులు హ్యాండిల్ పట్టుకుని ఊరకే ఉంటాయి.

కాబట్టి సైకిలు నుంచి ఈతగాడు ఆశించాల్సింది ఒక్కటే: నీళ్లు తిరిగి వచ్చేదాకా గుండె, ఊపిరి సడలిపోకుండా చూడడం. ఆ పని గదిలోని సైకిలు చేస్తుందా, రోడ్డు మీదది చేస్తుందా?

గది సైకిలు పుట్టుక తెలిస్తే దాని స్వభావం అర్థమవుతుంది. దక్షిణాఫ్రికా నుంచి లాస్ ఏంజలెస్‌కు వచ్చిన జానీ గోల్డ్‌బర్గ్ అనే సైకిలిస్టు దూరపు పందేల కోసం తన సాధన తాను చేసుకోవడానికి ఇలాంటి యంత్రం తయారుచేసుకున్నాడు. సైకిళ్లు తయారుచేసే ష్విన్ కంపెనీ చేయి పడ్డాక, 1995 ప్రాంతంలో అది జిమ్ముల్లోకి విస్తరించింది. ముందు బరువైన ఇనుప చక్రం, దానికి నేరుగా తగిలించిన పెడళ్లు. రోడ్డు సైకిలులో తొక్కడం మానేస్తే పెడళ్లు ఆగి సైకిలు జారుతుంది. ఇందులో చక్రం తిరిగినంతసేపూ కాళ్లూ తిరగాల్సిందే. మధ్యలో ఒక నాబ్. బిగిస్తే ఎగుడు, వదిలితే మైదానం. ఒక ఆటగాడు ఒంటరిగా తన కొలతలకు తగ్గట్టు వాడుకోవడానికి పుట్టిన పరికరం ఇది. ఇరవై మందిని ఒకే పాటకు ఒకే తీరుగా తొక్కించే క్లాసు ఆ తర్వాత వచ్చిన వ్యాపారం. ఈతగాడి విషయంలో నా అభిప్రాయం కూడా ఈ చీలిక దగ్గరే నిలుస్తుంది: యంత్రం మంచిది, క్లాసు కాదు.

క్లాసు ఎందుకు కాదో చూద్దాం. నలభై ఐదు నిమిషాల క్లాసులో మొదటి పాటకు ఒళ్లు వేడెక్కిస్తారు. రెండో పాట నుంచి నాబ్ బిగించి సీటు మీద నుంచి లేచి తొక్కమంటారు. తొడలు భగ్గుమంటాయి, చెమట నేల మీద పడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. బయటికి వచ్చిన కుర్రాడు ట్రైనర్‌తో అనే మాట ఒకటే: "అన్నా, కాళ్లు ఇనుపగుండ్లయినాయి." ఆ మాటను అందరూ మెచ్చుకోలుగా తీసుకుంటారు. ఈతగాడి విషయంలో మాత్రం అది హెచ్చరిక. బిగిసిన కాళ్లు నీళ్లలో కిందికి దిగుతాయి, ఒళ్లు ఏటవాలవుతుంది, నీటి అడ్డు పెరుగుతుంది. నీళ్లున్న వారంలో ఇలాంటి క్లాసు చేసినవాడికి మరునాటి ఈత చెడినట్టే.

చీలమండ సంగతి ఇంకా ముఖ్యం. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. పిల్లవాణ్ణి వజ్రాసనంలో కూర్చోబెట్టి పాదాలు వెనక్కి చాపమనండి. అలవాటున్న ఈతగాడి పాదం పైభాగం చీలమండ ముందు నుంచి వేళ్ల దాకా చాపకు అతుక్కుని ఉంటుంది. సైకిలు ఎక్కువగా తొక్కేవాడికి చాలాసార్లు చీలమండ దగ్గర సందు కనిపిస్తుంది, చీలమండ ముందు భాగం లాగుతుందని ముందుకు ఒరుగుతాడు. ఈతలో కాలు కొట్టేటప్పుడు పాదం చేపతోకలా వెనక్కి వాలి నీటిని నెట్టాలి. పెడల్ మీద పాదం దాదాపు ఒకే కోణంలో బిగిసి ఉంటుంది, పిక్క ఆ కోణాన్నే కాపాడుతుంది. వారాల తరబడి ఇదే సాగితే కాలు కొట్టే దెబ్బకు పదును పోతుంది. తుంటి ముందు కండరాలదీ అదే దారి: సైకిలు మీద అవి ఎప్పుడూ ముడుచుకునే ఉంటాయి, ఈతకు సాగి నిటారుగా కావాలి. క్లాసు ముగింపులో పెట్టే రెండు నిమిషాల స్ట్రెచింగ్ దీనికి చాలదు. తొక్కిన ప్రతి రోజూ పది నిమిషాలు వజ్రాసనం, తుంటి సాగదీసే ఆసనాలు ఉండాలి; వాటిని వదిలేసేవాడు సైకిలునూ వదిలేయడమే మేలు.

గుండె కొట్టుకునే లెక్క కూడా క్లాసులో తప్పుతుంది. గోడ మీద పట్టికలో 220లోంచి వయసు తీసేయమని ఉంటుంది. నీళ్లలో మనిషి బోర్లా ఉంటాడు, నీటి ఒత్తిడికి రక్తం సులువుగా గుండెకు చేరుతుంది, ఒళ్లు చల్లగా ఉంటుంది. అందుకే ఎంత కష్టపడినా నేల మీదికంటే నిమిషానికి సుమారు పది దెబ్బలు తక్కువే పడతాయి. పూల్‌లో 150 దగ్గర గట్టిగా శ్రమించే పిల్లవాడు సైకిలు మీద అదే 150 చూసి సరిపోయిందనుకుంటే నిజానికి తేలిగ్గా తొక్కుతున్నాడు. ఎదురుగా నిలబడ్డ ట్రైనర్‌కు ఈ తేడా తెలియాలి. ఇరవై మందిలో ఒక్కడి కోసం ఆయన లెక్క మార్చడం క్లాసులో కుదరదు.

ఇప్పుడు రోడ్డు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు, సిరివెళ్ల మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి. కర్నూలు, కడప మధ్య తిరిగే లారీలన్నీ ఆ దారినే పోతాయి. సైకిలు సాధనకు అది పనికిరాదని తేల్చేయవచ్చు. మంచి దారులు వేరే ఉన్నాయి. నంద్యాల నుంచి మహానందికి అరటితోటల మధ్య పోయే రోడ్డు ఒకటి. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వైపు, నల్లమల ముఖం చూస్తూ పోయే రోడ్డు ఇంకొకటి. దిగువ అహోబిలం దాటి ఎగువకు ఎక్కే చివరి కొన్ని కిలోమీటర్లు ఏ జిమ్ము నాబూ చూపలేని ఎగుడు. ఈ దారుల్లో వేకువన తొక్కినవాడికి ఊపిరి తీరు మారుతుంది. ఈతలో ఊపిరి చేతి దెబ్బకు కట్టుబడి ఉంటుంది, ముఖం పక్కకు తిప్పినప్పుడే గాలి. రోడ్డు మీద గంటన్నర తీరిగ్గా, నోరారా గాలి పీల్చుకుంటూ పోవడం ఆ కట్టుబాటు నుంచి మంచి విడుపు. ఎదురుగాలి ఒంటిని చల్లబరుస్తుంది కాబట్టి అలసట ఆలస్యంగా వస్తుంది. దూరపు ఈతల మీద మనసున్నవాళ్లకు ఇలాంటి సుదీర్ఘ శ్రమ అలవాటు విలువైనదే.

అయినా నేను రోడ్డు వైపు మొగ్గను. మొదటి కారణం కాలర్‌బోన్. సైకిలు మీద నుంచి పడ్డవాడు చేయి చాపి నేల తాకుతాడు, దెబ్బ భుజానికి పోతుంది. సైకిలిస్టులకు తరచూ విరిగే ఎముకల్లో ఇది ముందుంటుంది. కాలు గీసుకుపోతే ఈతగాడికి వారం నష్టం, భుజం దగ్గర ఎముక విరిగితే ఆ ఏడు నష్టం. తెల్లవారకముందు లైట్లు లేని రోడ్డు, అడ్డంగా వచ్చే గేదెలు, వెంటపడే కుక్కలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వీటి మధ్య భుజాన్ని పణంగా పెట్టడం ఎందుకు? రెండోది, రోడ్డు మీద కొలత నిలవదు. ఈత సాధన ఇంతసేపు శ్రమ, ఇంతసేపు విరామం అన్న లెక్క మీద నడుస్తుంది. నాలుగు నిమిషాలు గట్టిగా తొక్కాలనుకున్న చోటే ట్రాక్టరు అడ్డొస్తుంది, లేదంటే దిగుడు వచ్చి పెడళ్లు ఆగిపోతాయి. మూడోది, గతుకుల రోడ్డు మీద ఒంటి బరువు మోసేది మణికట్లు, భుజాలు, మెడ. ఈతకు అలసిన భుజానికి విశ్రాంతి ఇవ్వాలని సైకిలెక్కించి, మళ్లీ ఆ భుజాన్నే కుదిపితే ప్రయోజనమేముంది?

నాలుగో కారణం ఆడపిల్లలు. నాకు అన్నింటికన్నా పెద్దదిగా కనిపించేదీ ఇదే. బావుల్లో, కాలువల్లో సాగిన ఈత దాదాపు మగపిల్లల సొత్తే. పూల్స్ వచ్చాక, ఆడవాళ్లకు వేరే వేళలు పెట్టాక, మన పట్టణాల ఆడపిల్లలు నీళ్లలోకి దిగగలిగారు. అలాంటి పిల్లను పూల్ మూసిన నెలల్లో తెల్లవారుజామున ఒంటరిగా అహోబిలం రోడ్డు మీద తొక్కమని ఏ తల్లీ పంపదు, పంపమనడమూ న్యాయం కాదు. తలుపున్న గదిలో, తోడున్న వేళలో ఒక సైకిలు ఉంటే ఆ పిల్ల సాధన ఆగదు. రోడ్డు ఎంత అందంగా ఉన్నా ఈ ఒక్క లెక్కలో గదికి సాటిరాదు.

గదికి ఉన్న పెద్ద శత్రువు ఎండ. వేసవిలో నంద్యాల పేరు రాష్ట్రంలోని అధిక ఉష్ణోగ్రతల జాబితాలో మొదటి వరసల్లో కనిపిస్తుంది; 43, 44 డిగ్రీలు ఇక్కడ మామూలు మాట. గదిలో సైకిలు కదలదు, ఎదురుగాలి ఉండదు. చెమట ఆరక కారిపోతుంది తప్ప ఒంటిని చల్లార్చదు. నీళ్లలో చల్లగా శ్రమించడం అలవాటైన ఈతగాడికి ఇది మరీ కొత్త. దానికి తోడు గుండె బలంగా ఉన్న కొత్తవాడికి ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది: ఊపిరి ఆగమని చెప్పదు, తొడలు మాత్రం ఆ పనికి సిద్ధంగా ఉండవు. మొదటి స్పిన్ క్లాసులోనే మితిమీరి తొక్కినవాళ్లకు తొడ కండరం చితికి, దానిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసిన సందర్భాలను అమెరికా వైద్యులు 2017లో ప్రచురించారు. రాబ్డోమయాలిసిస్ అంటారు దాన్ని. తొక్కిన మరునాడు తొడలు విపరీతంగా వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఇంట్లో మందు రాసుకుంటూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. మొదటి రెండు వారాలు నాబ్ తేలిగ్గా ఉంచి, ఇరవై నిమిషాలకు దిగిపోతే ఈ ముప్పు దాదాపు ఉండదు. ఫ్యాను మొహం మీదికి తిప్పుకోవాలి, పక్కన ఉప్పు వేసిన మజ్జిగో నిమ్మనీళ్లో ఉండాలి, వేళ తెల్లవారుజాము అయి ఉండాలి.

ట్రయాథ్లాన్ చేసేవాళ్లు ఈదుతారు, సైకిలు తొక్కుతారు కదా, రెండూ ఒకదానికొకటి పనికొచ్చినట్టే కదా అని కొందరు వాదిస్తారు. గోవాలో 2019 నుంచి జరుగుతున్న ఐరన్‌మ్యాన్ 70.3 పందెం చూసి వచ్చిన ఉత్సాహం ఇది. ఆ పందెంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. ఈత అయ్యాక 90 కిలోమీటర్లు తొక్కాలి కాబట్టి ఆ పోటీదారులు నీళ్లలో కాళ్లను కావాలనే దాచుకుంటారు, చేతులతోనే లాగుతారు. సైకిలు వాళ్ల పందెంలో ఒక భాగం. పూల్‌లో వంద మీటర్లు వేగంగా ఈదాల్సిన పిల్లకు కాళ్లు చివరి గోడ దాకా కావాలి.

గదిదైనా రోడ్డుదైనా రెండు సైకిళ్లూ చేయలేని పని ఒకటుంది, దాన్ని చెప్పకుండా వదిలితే ఈ తులన సగమే అవుతుంది. ఎముక. నీటిలో ఒంటి బరువు తేలిపోతుంది, సైకిలు మీద సీటు మోస్తుంది. ఎముకకు బలం రావాలంటే నేల దెబ్బ తగలాలి. పరిగెత్తేవాళ్లతో, జిమ్నాస్టిక్స్ చేసేవాళ్లతో పోలిస్తే ఈతగాళ్ల ఎముక సాంద్రత తక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఎక్కువకాలం సైకిలు తొక్కేవాళ్లదీ అదే వరస. ఎదిగే వయసు పిల్లకు ఈతకు తోడుగా సైకిలు ఒక్కటే ఇస్తే, లేనిదానికి లేనిదే జోడించినట్టు. రోజూ పది నిమిషాలు తాడాట చాలు, ఆ లోటు చాలావరకు తీరుతుంది. గోడ దగ్గర మలుపు తిరిగి తన్నే దెబ్బకూ ఆ దుంకుడు పనికొస్తుంది. 25 మీటర్ల పూల్‌లో 1500 మీటర్ల ఈతకు 59 మలుపులు. ఆ 59 సార్లూ గోడను తన్నేది సైకిలు నేర్పే నెమ్మది బలం కాదు, దుంకే చురుకు.

జిమ్ము యజమానులకు, పూల్ నడిపేవాళ్లకు నా సూచన సూటిగా చెబుతాను. ఈత పిల్లల కోసం పాటలు లేని అరగంట విడిగా ఇవ్వండి. సీటు ఎత్తు ఒక్కొక్కరికీ కొలవండి: పెడల్ అట్టడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, తుంటి అటూఇటూ ఊగకూడదు. నాబ్ తేలిక, వేగం నిమిషానికి 90 చుట్ల చుట్టుపక్కల. మూడు నిమిషాల శ్రమ, ఒక నిమిషం విరామం, ఐదారు సార్లు. పిల్లలకు పూల్‌లో అలవాటైన లయ ఇదే. లేచి తొక్కడం వద్దు. హ్యాండిల్ మీద భారం వేయకుండా వేళ్లతో తాకితే చాలు, భుజాలు వదులుగా ఉంటాయి. వారానికి మూడు రోజులు మించక్కర్లేదు. మిగతా రోజుల్లో రబ్బరు తాడు కిటికీ చువ్వకు కట్టి, నడుము వంచి, మోచేయి ఎత్తిపెట్టి నీటిని లాగినట్టు లాగాలి. చేతికి ఆ దారి గుర్తుండేది దీనితోనే. భుజం నొప్పితో పూల్ మానేసిన పిల్లకు మాత్రం, డాక్టరు సరేనంటే, ఈ సైకిలు అన్నింటికన్నా మంచి తోడు. ఆ నెలల్లో నాలుగైదు రోజులు తొక్కినా తప్పులేదు.

పూల్ మళ్లీ తెరిచిన వారం సైకిలు పూర్తిగా ఆపాలి. ఆ వారం దూరం మాట మరిచి, పాతిక మీటర్లకు పిల్ల చేతులు ఎన్నిసార్లు వేస్తోందో లెక్కపెట్టాలి. మూసేముందు పద్దెనిమిది సార్లకు గోడ అందుకున్న పిల్ల ఇరవై రెండుకు వచ్చిందంటే గుండె బాగానే ఉంది, నీటి పట్టే జారింది. ఆ నాలుగు తగ్గేదాకా వేగం జోలికి పోనివ్వకండి.